బెంగళూరు చుట్టూ అడవిపూల నడక: ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి

ఫిబ్రవరిలోనో మార్చిలోనో బెంగళూరు చుట్టుపక్కల గుట్టలకు వెళ్లి నేల మీద పూల కోసం వెతికితే దొరికేది ఎండుగడ్డి, కాలికి గుచ్చుకునే ముళ్లు, ఇంటికొచ్చేసరికి తలనొప్పి. ఆ నెలల్లో పూలన్నీ తల మీద, ఆకు రాల్చిన చెట్ల కొమ్మల నిండా ఉంటాయి. నేల మీది పూల వంతు వానలు పడ్డాక వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఒక్కసారి వెళ్లొచ్చి "అక్కడేం లేదు" అని తేల్చేస్తారు. తీరిక దొరికిన ఆదివారం కాకుండా చెట్టునీ వాననీ చూసుకుని బయల్దేరితే ఊరికి గంట దూరంలోనే కావలసినన్ని పూలు కనిపిస్తాయి. చేయాల్సిన పనులు వరసగా ఇవి.

1. ముందు నెల తేల్చుకోండి

జనవరి చివరికి మోదుగ, బూరుగ మొదలవుతాయి. ఫిబ్రవరి మొత్తం వాటిదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాతి గుట్టల మీద కొండగోగు పూస్తుంది. ఒక్క ఆకు కూడా లేని బూడిదరంగు కొమ్మల చివర అరచెయ్యంత పచ్చటి పసుపు పూలు కనిపిస్తే అదే. అదే సమయంలో పొదల మధ్య ఊడుగ తెల్లగా విచ్చుకుంటుంది. ముందు దాని వాసన వస్తుంది, తర్వాతే చెట్టు కనబడుతుంది. సావనదుర్గ వైపు అడవుల్లో జాలారి కూడా ఈ రోజుల్లోనే పూస్తుంది.

ఉగాదికి అటూ ఇటూ వేప, కానుగ, బిల్లుడు. ఈ మూడింటి పూలూ చిన్నవి, దూరానికి ఆనవు. కానుగ చెట్టును దాని కింద పరుచుకున్న లేత ఊదారంగు రేకులను బట్టే గుర్తుపట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో రేల, దిరిసెన, పాలకొడిసె.

చెట్లు ఇలా ఎండల్లో ఆకు రాల్చి పూయడానికి కారణం ఉంది. ఆకులు అడ్డం లేకపోతే పిట్టలకూ తేనెటీగలకూ పువ్వు దూరం నుంచే కనిపిస్తుంది. ఇప్పుడు పూస్తే చాలా చెట్లకు జూన్ నాటికి గింజ ముదిరి రాలుతుంది, రాలిన గింజకు వెంటనే వాన దొరుకుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడతాయి. తొలి గట్టి వాన పడ్డ వారం పది రోజులకు నేల వైపు చూడడం మొదలుపెట్టండి. దుంపల మీద బతికే మొక్కలు ఆ ఒక్క వానకే లేస్తాయి. నేలతాడి అలాంటిదే. చూడ్డానికి అప్పుడే మొలిచిన తాటిమొక్కలా ఉంటుంది, ఆరు రేకుల పసుపు నక్షత్రం మట్టికి ఆనుకుని పూస్తుంది. వంగి చూడనివాళ్లు దాన్ని తొక్కేసి వెళ్లిపోతారు.

అసలైన నేలపూల కాలం ఆగస్టు నుంచి నవంబరు దాకా. విష్ణుక్రాంత, వెన్నదేవికూర, తుమ్మి, గిలిగిచ్చ, పల్లేరు, కంచెల మీద అగ్నిశిఖ. చెరువుల ఎగువన ఇసుక కలిసిన తేమ నేలలో డ్రోసెరా కూడా ఉంటుంది. పురుగుల్ని పట్టే ఈ మొక్క రూపాయి బిళ్లంత వెడల్పున ఎర్రగా నేలకంటుకుని, ప్రతి వెంట్రుక కొనన ఒక జిగురు బొట్టుతో కనిపిస్తుంది. నగరంలో ఏడాదిలో ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరులో కాబట్టి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళితే నిరాశ ఉండదు.

ఏడాదికి రెండు విడతలు అనుకోండి: ఎండల్లో చెట్లపూలు, వానల తర్వాత నేలపూలు. ఈ వ్యాసంలో ఎక్కువ మొదటి విడత గురించే. నడిచే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

2. చోటు: చిన్నది, దగ్గరది, మళ్లీ వెళ్లగలిగేది

మొదటిసారే పేరున్న కొండ ఎక్కొద్దు. శిఖరం చేరాలన్న తొందరలో దారిలోని పూలన్నీ పోతాయి. రెండు మూడు కిలోమీటర్ల బాట ఒకటి ఎంచుకుని, ఫిబ్రవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి అదే బాటలో నడవడం మేలు. మొగ్గ, పువ్వు, కాయ మూడూ ఒకే చెట్టు మీద చూస్తే దాన్ని మళ్లీ ఎన్నటికీ మర్చిపోరు.

ఊళ్లోనే కావాలంటే కనకపుర రోడ్డు వైపు తురహళ్లి అడవి ఉంది. పొదలు, బండలు, పొట్టి చెట్లు ఉండే చోటు. మెట్రో ఆకుపచ్చ లైన్‌లో తలఘట్టపుర దాకా వెళ్లి అక్కణ్ణించి ఆటో ఎక్కితే చాలు. లోపలికి ఎప్పుడు, ఎంతవరకు వెళ్లనిస్తారో గేటు దగ్గరే అడిగి నడవండి. గడ్డి నేల కావాలంటే వాయవ్యాన హెసరఘట్ట. అక్కడి గడ్డి మైదానాన్ని కన్జర్వేషన్ రిజర్వ్ చేయడానికి 2024లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు ఒప్పుకుంది. ఎండాకాలంలో అక్కడ చెట్లు తక్కువ, నీడ అసలే ఉండదు, కాబట్టి దాన్ని వానల తర్వాతకు అట్టిపెట్టుకోండి.

కొంచెం దూరమైనా ఫరవాలేదంటే మాగడి దగ్గర సావనదుర్గ, తుమకూరు దగ్గర దేవరాయనదుర్గ, చిక్కబళ్లాపుర వైపు నంది కొండ. నంది 1,478 మీటర్ల ఎత్తు. పైన మంచు పట్టే చోట పచ్చటి దట్టమైన అడవి, కింద వాలుల్లో ఎండు పొదలు. పూల కోసం వెళ్లేవాళ్లకు వాలులే ముఖ్యం. కారులో పైకి వెళ్లిపోతే అవి కనపడవు. సుల్తాన్‌పేట వైపున్న మెట్లదారిలో నడవాలి. మకళిదుర్గకు హిందూపురం వైపు రైలు ఎక్కి వెళ్లొచ్చు. స్టేషన్ కొండ కిందే ఉంది. పట్టాల మీద నడవకండి, మలుపుల్లో రైలు చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. చిక్కబళ్లాపుర దాటి బాగేపల్లి, గుడిబండ వైపు వెళితే పల్లెల్లో చాలామంది తెలుగే మాట్లాడతారు. గొర్రెలు కాసుకునే అన్నను పలకరించి "అన్నా, ఇక్కడ మోదుగ చెట్లు ఎటు ఉన్నాయి?" అంటే ఏ యాప్ కన్నా తొందరగా దారి దొరుకుతుంది. కన్నడ పల్లెల్లో అడగాల్సివస్తే మోదుగను ముత్తుగ అనండి, కానుగను హొంగె, రేలను కక్కె, వేపను బేవు.

బన్నేరుఘట్ట అడవుల్లోకి మాత్రం సొంతంగా దూరొద్దు. అవి ఏనుగులు తిరిగే దారులు.

అనుమతి సంగతి ముందే చూసుకోవాలి. సావనదుర్గ, మకళిదుర్గ, స్కందగిరి లాంటి కొండల నడకకు కర్ణాటక అటవీశాఖవారి 'అరణ్య విహార' వెబ్‌సైట్లో ముందుగా టికెట్ తీసుకోవాలి. రోజుకు ఇంతమందే అన్న పరిమితి ఉంటుంది, శనివారం ఆదివారం తొందరగా అయిపోతాయి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. కార్చిచ్చు భయం ఉన్న ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని బాటలు మూసేస్తారు. బయల్దేరే ముందురోజు సాయంత్రం మరోసారి చూసుకోండి. మూసి ఉంటే పక్కదారిన వెళ్లే ఆలోచన వద్దు. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే గాలివాలున మనిషి పరుగు కన్నా మంట వేగం ఎక్కువ.

3. ఒక పూట లాల్‌బాగ్‌లో

అడవికి వెళ్లే ముందు కళ్లకు అలవాటు కావాలి. లాల్‌బాగ్‌లో చాలా చెట్లకు పేరు పలకలు ఉన్నాయి. ఉదయం వెళ్లి మోదుగ, బూరుగ, రేల, కానుగ ఈ నాలుగూ వెతికి పట్టుకుని, ఆకు ఎలా ఉంది, కాండం మీద బెరడు ఎలా ఉంది అన్నవి చూసుకోండి. పువ్వు లేకపోయినా చెట్టును పట్టగలిగితేనే అడవిలో పని జరుగుతుంది. మోదుగకు ఒక్క కాడకు మూడేసి ఆకులు, మనం విస్తర్లు కుట్టేవి. చిన్న బూరుగ కాండం మీద శంకువుల్లాంటి ముళ్లుంటాయి, చెట్టు ముదిరితే కింది ముళ్లు రాలిపోతాయి.

ఒక జాగ్రత్త. ఊళ్లో జనవరి నుంచి మార్చి దాకా రోడ్లకిరువైపులా పూసే గులాబి, పసుపు టబేబుయాలూ, ఊదా జకరందాలూ అమెరికా ఖండం నుంచి తెచ్చి నాటినవి. అందంగానే ఉంటాయి. వాటిని అడవిపూల లెక్కలో వేసుకుంటే మీ చిట్టా మొదటి రోజే తప్పుతుంది.

4. సంచి

ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్లు. అర్ధపూట నడకకే సుమా. దారిలో కుంటలు ఎండి ఉంటాయి, కొండల మీద అంగడి ఉంటుందన్న నమ్మకం లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి (పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు), సగం గ్లాసులో కలిపితే మేలు బదులు కీడు. తినడానికి పులిహోర, ఉడికించిన పల్లీలు, అరటిపండ్లు. పెరుగన్నం ఎండకు తొందరగా పులుస్తుంది, మార్చిలో వద్దు. తిండి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పట్టుకోకండి. దేవరాయనదుర్గలోనూ నందిలోనూ కోతులు కవరు చప్పుడుకే వస్తాయి. మూత పెట్టిన డబ్బా, జిప్పున్న సంచి ఉండాలి.

పూర్తి చేతుల నూలు చొక్కా, బిగుతు కాని పొడవు ప్యాంటు, వెడల్పు అంచు టోపీ. ప్యాంటు అంచుల్ని మేజోళ్ల లోపలికి దోపుకోండి. చూసేవాళ్లకు ఎలా ఉన్నా పిడుదులూ ముళ్లగింజలూ లోపలికి రావు. మెత్తటి ఉన్ని మేజోళ్లు వద్దు. అంటుకునే గడ్డిగింజలన్నీ వాటిలోకే దిగుతాయి, పీకడానికి సాయంత్రమంతా పడుతుంది. నునుపైన నేత మేజోళ్లు మేలు. బూట్లకు పట్టున్న అడుగు ఉండాలి. ఇక్కడి గ్రానైటు బండ పొడిగా ఉన్నప్పుడు కాలికి బాగా పట్టునిస్తుంది. దాని మీద నీరు జారిన నల్లటి చారలున్న చోట, చారలు తడిగా ఉంటే, అడుగు వేయొద్దు.

ఇంకా: పదిరెట్లు చూపించే చిన్న భూతద్దం, చిన్న నోటు పుస్తకం, పెన్సిలు (పెన్ను చెమటకు అలుక్కుపోతుంది), 15 సెంటీమీటర్ల స్కేలు, అంటించే టేపు, చిన్న గొడుగు. పర్ఫ్యూమ్, వాసన నూనె రాసుకోకండి. ఎందుకో కింద చెప్తాం.

5. నడక

మార్చిలో ఇక్కడ ఆరున్నర దరిదాపుల్లో తెల్లవారుతుంది, ఏప్రిల్ చివరికి ఆరు గంటలకే. వెలుగు రాగానే బాట మీద ఉండాలి, పదిన్నరకు వెనక్కి వచ్చెయ్యాలి. పదకొండు దాటాక బండ కాలుతుంది. గాలి లేస్తుంది, ఫొటోలు కదిలిపోతాయి. విష్ణుక్రాంత, వెన్నదేవికూర లాంటివి మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి. పొద్దున్నే తేనె కోసం వచ్చే పిట్టలు కూడా అప్పటికి నీడకు చేరిపోతాయి.

గంటకు ఒక కిలోమీటరు. అంతకన్నా వేగంగా నడుస్తుంటే మీరు పూలు చూడడం లేదని అర్థం. పోనూ రానూ కలిపి మూడు కిలోమీటర్లు దాటొద్దు. ఇరవై అడుగులకోసారి ఆగి, మూడు ఎత్తుల్లో చూడండి: ముందు కాళ్ల దగ్గర, తర్వాత నడుము ఎత్తు పొదల్లో, ఆ తర్వాత తలెత్తి కొమ్మల్లో. కింద రాలిన రేకులు పైన చెట్టు జాడ చెప్తాయి. ఎర్రటి దళసరి పూలు దబ్బున రాలి పడి ఉంటే తలెత్తండి, బూరుగ. తీగల్లాంటి సన్నటి తెల్లరేకులు వంకర తిరిగి పడి ఉంటే ఊడుగ.

చెవులు కూడా తోడు తీసుకోవాలి. మైనాల గోల, చిలకల అరుపులు ఒకే చోటి నుంచి ఆగకుండా వస్తుంటే అక్కడ ఏదో పూసి ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు చాలు. పదిమంది అయితే పూల చుట్టూ నేల తొక్కుడు పడుతుంది. నడిచే బాట వదలొద్దు. బండ మీద కాలు పెట్టగలిగిన చోట మట్టి మీద పెట్టొద్దు, బండల పగుళ్లలోని పలచటి మట్టిలోనే దుంపలు నిద్రపోతుంటాయి.

6. ఒక పువ్వుతో పది నిమిషాలు

ఇది నేర్చుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది. కొమ్మ నుంచి కోయొద్దు. మోదుగ చెట్టు కింద ఎన్నో పూలు రాలి ఉంటాయి, వాడనిది ఒకటి తీసుకోండి.

తొడిమ దగ్గరి గిన్నెను వేలితో తాకండి. ముదురు గోధుమరంగు, దాదాపు నలుపు, ముఖమల్‌లా ఉంటుంది. దాన్నుంచి అయిదు రేకులు వస్తాయి. ఒకటి పెద్దది, వెనక్కి వంగి ఉంటుంది. రెండు పక్కలా చిన్నవి రెండు. మిగతా రెండూ కలిసిపోయి చిలక ముక్కులా వంపు తిరిగిన ముక్కు అవుతాయి. నారింజ రంగు మీద సన్నటి వెండి నూగు ఉంటుంది. భూతద్దం కంటికి ఆనించి పట్టుకుని, పువ్వును దగ్గరికి తెచ్చుకుంటే ఆ నూగు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తుంది. చాలామంది అద్దాన్ని పువ్వు దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తారు, అలా ఏమీ కనపడదు.

ఇప్పుడు ఆ ముక్కును గోటితో మెల్లగా చీల్చండి. లోపల పది కేసరాలు. తొమ్మిది అడుగున కలిసి గొట్టంలా ఉంటాయి, ఒకటి విడిగా. తేనె గిన్నె అడుగున ఉంటుంది. పిట్ట తేనె కోసం ముక్కు దూర్చినప్పుడు కేసరాలు బయటికొచ్చి పుప్పొడి దానికి అంటుకుంటుంది. ఇదే రేకుల అమరిక చిన్న కొలతలో గిలిగిచ్చ పువ్వులోనూ, పెరట్లో చిక్కుడు పువ్వులోనూ ఉంటుంది. ఒక్క మోదుగ పువ్వు విప్పి చూసినవాళ్లు ఆ కుటుంబంలో చాలా పూల కుదురును గుర్తుపడతారు.

తర్వాత తంగేడు దగ్గరికి వెళ్లండి. పొద్దున ఏడూ ఎనిమిది మధ్య పొద పక్కన కదలకుండా నిలబడితే పెద్ద నల్లటి తుమ్మెద వస్తుంది. ఎగిరేటప్పుడు ఒక రకం మోత, పువ్వు మీద వాలాక రెక్కలు ఆడించకుండానే ఇంకా సన్నటి, పైస్థాయి మోత వినిపిస్తుంది. తంగేడు కేసరాలు పక్కకు చీలవు, కొనన చిన్న రంధ్రం ఉంటుంది. తుమ్మెద ఒళ్లు అదిరిస్తేనే పొడి బయటికి రాలుతుంది. ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంట్లో విని చూడండి, రెండు మోతల తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొండగోగు కేసరాలదీ ఇదే పద్ధతి.

గడ్డి చామంతి కనపడితే దాన్నీ ఒకసారి అద్దంలో చూడండి. బయటినుంచి వచ్చిన కలుపే, కానీ మంచి పాఠం. ఒక్క పువ్వు అనుకున్నది నిజానికి పూల గుంపు. నడుమ పసుపు చుక్కలు ఒక్కొక్కటీ విడి పువ్వు, అంచున మూడు పళ్లున్న ప్రతి తెల్ల రేకూ ఇంకో విడి పువ్వు.

7. పసుపు పూల దగ్గర తికమక పడకుండా

ఎక్కువ పొరపాట్లు పసుపు దగ్గరే. మనిషి ఎత్తు పొద, నిటారు గుత్తులు, ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు, పలచటి చదును కాయలు ఉంటే తంగేడు. చెట్టు నుంచి మూరెడు పొడవు గొలుసులు కిందికి వేలాడుతూ, నాలుగు నుంచి ఎనిమిది జతల పెద్ద ఆకులు, కిందటేడు నల్లటి కర్రల్లాంటి కాయలు ఇంకా వేలాడుతుంటే రేల. ఆకు లేదు, బండ పక్కన ఉంది, ఒక్కో పువ్వూ పెద్దది, అది కొండగోగు. పువ్వు గొట్టంలా బాకా ఆకారంలో ఉంటే నాటిన టబేబుయా, అడవిలో ఉండకూడదు. రోడ్డు పక్క పెద్ద చెట్టు, రేకులు నలిగిన కాగితంలా, మొగ్గలు తుప్పురంగులో ఉంటే అది కూడా నాటినదే, పెల్టోఫోరం. పువ్వు గుండ్రటి మెత్తటి బంతి అయితే తుమ్మ జాతి, ముళ్లు చూసుకుని దగ్గరికి వెళ్లండి.

8. ఫోన్ ఫొటోలు

ఒక్క పువ్వు ఫొటోతో పేరు తేలదు. మొక్కకు ఆరు రకాలు తీయాలి, ఈ వరసలో: మొక్క మొత్తం; పువ్వు ఎదురుగా; పువ్వు పక్కనుంచి, గిన్నె కనపడేలా; ఆకు పైవైపు, అడుగువైపు; కొమ్మకు ఆకులు ఎలా అతుక్కున్నాయో; కాయ ఉంటే కాయ. ఏదో ఒకదాంట్లో స్కేలు పక్కన పెట్టండి. అడుగువైపు ఆకును అందరూ వదిలేస్తారు. నూగు ఉందా, ఈనెలు ఎలా పోతున్నాయి అన్నది అక్కడే తెలుస్తుంది.

చిన్న పువ్వు మీద ఫోన్ ఫోకస్ వెనకనున్న గడ్డి మీదికి పోతుంటుంది. పువ్వు వెనక అరచెయ్యి పెట్టి, తెరమీద పువ్వును నొక్కి, ఫోకస్ నిలిచాక చెయ్యి తీసేయండి. పది సెంటీమీటర్ల కన్నా దగ్గరికి వెళ్లకండి, తర్వాత కత్తిరించుకోవచ్చు. ఎర్ర, నారింజ పూలు నేరుగా పడే ఎండలో ముద్దగా వస్తాయి, రేకుల మీద గీతలు పోతాయి. అందుకే గొడుగు: దాని నీడ పువ్వు మీద పడేలా పట్టుకుని, తెరమీద వెలుతురు గీతను కొంచెం కిందికి లాగండి. తెల్లపూలకూ ఇదే. ఫొటో కోసం పక్క మొక్కలు పీకడం, కొమ్మ విరవడం, పూల మీద నీళ్లు చల్లడం చేయొద్దు.

నోటు పుస్తకంలో ఫొటోలో పడనివి రాయండి: వాసన, పాలు కారుతుందా, ఏ పురుగు లేదా పిట్ట వచ్చింది, బండ మీదా మట్టిలోనా, ఎన్ని గంటలకు.

9. ఏం తప్పుతుంది, అప్పుడేం చేయాలి

కొండతేనెటీగలు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పాముల కన్నా కూడా. సావనదుర్గ లాంటి నిలువు బండల అడుగున పెద్ద పెద్ద పట్టులు వేలాడుతుంటాయి. ఘాటు వాసనలు, పొగ, కేకలు, డ్రోన్ చప్పుడు వాటిని రేపుతాయి. పట్టు కనిపిస్తే దాని కిందుగా పోవద్దు. ఈగలు మీదికి వస్తే చేతులు ఆడించకండి, నిలబడకండి. చొక్కా లాక్కుని తల, మొహం కప్పుకుని తిన్నగా పరుగెత్తండి, వీలైతే కారులోకో ఇంట్లోకో. నీళ్లలో మునిగితే లాభం లేదు, పైకి లేచేదాకా కాచుకుంటాయి. ముల్లును గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకేయండి. చాలా చోట్ల కుట్టినా, ఊపిరాడకపోయినా, పెదాలు వాచినా నేరుగా ఆసుపత్రికే.

పాములు ఎండాకాలం ఉదయాన బండ అంచుల్లో, ఆకుల కుప్పల్లో ఉంటాయి. రక్తపింజర ఎండుటాకుల రంగులోనే కలిసిపోతుంది. కనపడని చోట చెయ్యి గానీ కాలు గానీ పెట్టకపోతే సగం ప్రమాదం తప్పుతుంది. కాటు పడితే కట్టు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం, ఆకుపసరు ఇవేవీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడ్డ కాలు లేదా చెయ్యి కదలకుండా చేసి, 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి పాము మందు ఉండే ఆసుపత్రికి చేర్చండి. ఫోన్ అందని చోట్లుంటాయి కాబట్టి చివరిసారి సిగ్నల్ ఎక్కడ ఉందో నడుస్తూ గమనించుకోండి.

దూలగొండి కాయలు చలికాలం చివర ఎండి గోధుమరంగు నూగును గాలికి వదులుతాయి. ఒంటికి తగిలితే గోకొద్దు, చేత్తో తుడవొద్దు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. సంచిలోని టేపును చర్మం మీద అద్ది లాగుతూ నూగు తీసి, ఆ తర్వాతే సబ్బుతో కడగాలి. జిల్లేడు, జెముడు పాలు కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి. మూడు లీటర్ల నీళ్లు తాగడానికే కాదని అప్పుడు తెలుస్తుంది. ఏ పువ్వూ నోట్లో పెట్టుకోకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. అగ్నిశిఖ దుంప ప్రాణం తీస్తుంది, ఉమ్మెత్త మతి తప్పిస్తుంది.

దేవరాయనదుర్గ, సావనదుర్గ అడవుల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. తెల్లారక ముందు, చీకటి పడ్డాక నడవొద్దు. మలుపుల్లో కొంచెం గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, ఎలుగు హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది.

10. గడ్డి నేల గురించి ఒక విన్నపం

వానాకాలం రాగానే సంచుల నిండా విత్తన బంతులు తీసుకుని మైదానాలకు వెళ్లేవాళ్లు ఉన్నారు. మనసు మంచిదే, పని మాత్రం చెడ్డది. హెసరఘట్ట లాంటి చోట చెట్లు లేకపోవడం లోపం కాదు, ఆ నేల స్వభావమే అంత. అక్కడ చెట్లు లేస్తే నీడ పడి గడ్డి చస్తుంది, గడ్డితో పాటు విష్ణుక్రాంత, డ్రోసెరా, నేల ఆర్కిడ్లు, నేల మీద గూడు పెట్టే పిట్టలు అన్నీ పోతాయి. ఏదైనా చేయాలనుంటే బూట్లు కడగండి. ఊళ్లో ఖాళీ స్థలాల్లోని వయ్యారిభామ గింజలు బూటు అడుగు మట్టిలోనే ప్రయాణం చేస్తాయి. బయల్దేరే ముందురోజు పాత టూత్‌బ్రష్‌తో అడుగు గాడులు తోమండి, తిరిగొచ్చాక మళ్లీ తోమండి.

గడ్డిలో బండి నడపొద్దు. తడినేల మీద చక్రం ఒక్కసారి దిగితే ఆ గాడి ఏళ్ల తరబడి నీళ్లను పక్కకు లాగేస్తుంది.

11. ఇంటికొచ్చాక

బట్టలు స్నానాలగదిలోనే విడిచి, మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేస్తే అది ఉమ్మి ఇంకా లోపలికి కక్కుతుంది. రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లిన సంగతి తప్పకుండా చెప్పండి. పొదల్లోని చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అలా చెబితేనే తొందరగా పట్టుబడుతుంది.

ఆ సాయంత్రమే ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (మొక్కల, జంతువుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే యాప్) పెట్టండి, వాయిదా వేస్తే ఏ ఆకు ఏ పువ్వుదో కలిసిపోతుంది. యాప్ చూపించిన మొదటి పేరునే ఒప్పుకోవద్దు. అది చాలాసార్లు పోలిక బట్టి ఇంకో ఖండం మొక్క పేరు చెబుతుంది. ముందు కుటుంబం వరకే ఒప్పుకుని, మిగతాది తెలిసినవాళ్లు సరిచేసేదాకా ఆగండి. నేల ఆర్కిడ్లు, డ్రోసెరా లాంటివి దొరికితే చోటును సరిగ్గా చూపించకుండా మసకగా ఉండే అమరిక పెట్టండి. పీక్కెళ్లేవాళ్లు కూడా అవే పటాలు చూస్తారు.

మీ వీధిలోని ఒక కానుగనో వేపనో సీజన్‌వాచ్‌లో (చెట్ల పూత, కాపు వేళలను మామూలు జనం నమోదు చేసే కార్యక్రమం) నమోదు చేసుకుని వారానికోసారి మొగ్గ, పువ్వు, కాయ ఎంతెంత ఉన్నాయో రాస్తే రెండు లాభాలు. పూల వేళలు ఏటేటా ఎలా జరుగుతున్నాయో చూసేవాళ్లకు మీ లెక్క పనికొస్తుంది. వీధి కానుగ మొగ్గ తొడిగిందంటే గుట్ట మీది కానుగ దగ్గరికి ఎప్పుడు బయల్దేరాలో మీకూ ఒక అంచనా దొరుకుతుంది. గుట్ట మీద ఒకట్రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు, ఎంత తేడా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి, వచ్చే ఏడు సరిగ్గా లెక్క కడతారు.